నూరకూడని బిళ్ళ

మందుబిళ్ళలో అసలు మందు ఎంత ఉంటుందో చెబితే చాలామంది ముక్కున వేలేసుకుంటారు. చిటికెడు ఉంటుంది. కొన్నింట్లో చిటికెడు కూడా ఉండదు. మిగిలిందంతా పిండి, పాలచక్కెర, జిగురు, జారుడు పొడి. ఇంగ్లీషు పుస్తకాల్లో వీటన్నిటికీ కలిపి ‘పని చేయని పదార్థాలు’ అని ఒక పేరు తగిలించారు. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ, జన్మలో ఒక్క బిళ్ళ చేసిన పాపాన పోయి ఉండడు. ఆ పని చేయనివే లేకపోతే పొడి పొడిగానే ఉండిపోతుంది, బిళ్ళగా నిలబడదు. ఒకవేళ నిలబడినా కడుపులో కరగాల్సిన చోట కరగదు. ఈ మాట చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టించుకున్న మనిషి ఒకావిడ ఉంది. ఒక మందుల ఫ్యాక్టరీలో కొత్త బిళ్ళలు తయారుచేసే విభాగం ఆవిడది. చిన్నా పెద్దా అందరూ ఆవిడని బిళ్ళలక్క అనే పిలుస్తారు.

కొత్తగా చేరినవాళ్ళకి బిళ్ళలక్క చెప్పే పాఠం వేరేగా ఉంటుంది. అసలు మందు పెళ్ళికొడుకు, మిగిలినవాళ్ళంతా చుట్టాలు అంటుంది. ఎంత నొక్కినా సర్దుకుపోయే సెల్యులోజు పొడి బాబాయి. ఒకసారి పట్టుకుంటే వదలని జిగురు మేనత్త. పొడి యంత్రానికి అంటుకోకుండా అన్నీ కలిశాక చివర్లో వేసే తెల్లటి జారుడు పొడి అల్లుడు. అల్లుడు ఆఖర్న రావాలి, తొందరగా వెళ్ళాలి. మర్యాద చేస్తున్నారు కదా అని ఎక్కువసేపు కలియతిరిగాడంటే ప్రతి రేణువుకీ జిడ్డు పూసేసి కూర్చుంటాడు, ఆ తరవాత లోపలికి నీటిచుక్క దూరదు. ఇంక పెద్దమ్మ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు కాస్త మారుతుంది. నీళ్ళు తగలగానే ఉబ్బి జిగటగా మారే పొడి అది. బిళ్ళ కడుపులో పడగానే పెద్దమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంటుంది. లోపలున్న మందుని తన చేతులమీదుగా కొంచెం కొంచెంగా బయటికి పంపుతుంది. తోసుకుపోదామంటే కుదరదు. పొద్దున వేసుకున్న బిళ్ళ సాయంత్రం దాకా పనిచేస్తోందంటే అది పెద్దమ్మ చలవే.

బిళ్ళలక్క పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఆ ఊసెత్తితే, నాకున్న చుట్టాలు చాలు బాబూ అని నవ్వేసేది. అన్నావదినల ఇంట్లో పైగది ఆవిడది. కింద వీధివైపు గది అన్నయ్య టైలరింగు కొట్టు. ఒక పెద్ద బల్ల, కాలితో తొక్కే మిషను, గోడకి మేకులకి వేలాడే కాగితం నమూనాలు, నేలంతా దారం ముక్కలు. వెనక వంటగది వదిన రాజ్యం. ముగ్గురికీ ఒకరిమీద ఒకరికి ప్రాణం, నోటిమాటలో మాత్రం ముగ్గురూ ఒకరికొకరు తీసిపోరు.

అన్నయ్యకి వణుకు జబ్బు వచ్చింది. మొదట కుడిచెయ్యి బొటనవేలు తనంతట తను ఆడడం మొదలుపెట్టింది. తరవాత సూదిలో దారం ఎక్కలేదు. ఆ తరవాత నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గర కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోవడం. డాక్టరు రాసిన బిళ్ళ వేసుకున్న కాసేపటికి మనిషి మామూలు మనిషే. ఇంకాసేపటికి మందు ఇంకిపోయి మళ్ళీ కొయ్యబారిపోయేవాడు. ఆ ఎగుడుదిగుళ్ళు చూసి చూసి బిళ్ళలక్క పట్టుదలకి పోయింది. అదే మందుకి పెద్దమ్మని కాపలా పెట్టి, నిదానంగా కరిగే బిళ్ళ చేయడానికి ఏళ్ళు ధారపోసింది. పరీక్షలయ్యాయి, అనుమతులొచ్చాయి, దుకాణాల్లోకి వచ్చింది, అన్నయ్య డాక్టరు కూడా అదే రాశాడు. అన్నయ్య చేతులు కుదురుకున్నాయి. ఆ రోజుల్లో బిళ్ళలక్క నడుస్తుంటే కాళ్ళు నేలమీద ఆనేవి కావు.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. అన్నయ్యకి మళ్ళీ ఎగుడుదిగుళ్ళు మొదలయ్యాయి, ఈసారి ముందుకన్నా ఘోరంగా. బిళ్ళ పడిన కాసేపటికి భుజాలు, మెడ, నడుము తమంతట తాము మెలికలు తిరిగేవి. కుర్చీలో కూర్చుంటే కుర్చీ కదిలేది. అది తగ్గగానే మనిషి కర్రలా బిగుసుకుపోయేవాడు. డాక్టరు మోతాదు తగ్గించి చూశాడు, పెంచి చూశాడు, చివరికి జబ్బు ముదురుతోందేమో అన్నాడు.

టైలరు పనిలో సగం కత్తెర, సగం మాట. గుడ్డ తెచ్చినవాళ్ళు ఎప్పటికిస్తారని అడుగుతారు, ఫలానా రోజు రమ్మని చెప్పాలి. అన్నయ్య ఆ మాట చెప్పడం మానేశాడు. గుడ్డ పట్టుకుని గుమ్మం ఎక్కినవాళ్ళని చేతులు జోడించి పక్కవీధి టైలరు దగ్గరికి పంపేసేవాడు.

“ఎందుకన్నయ్యా పంపేస్తావు? నెమ్మదిగా కుట్టివ్వచ్చు కదా,” అని ఒకరోజు బిళ్ళలక్క అడిగింది.

“ఈ చేతులు ఏ పూట నావో, ఏ పూట కావో నాకే తెలీట్లేదమ్మా. పరాయివాళ్ళకి ఏ రోజని చెప్పను? కుట్టడం రాకపోతే పోయింది, అబద్ధాలాడే టైలర్ననిపించుకోలేను.”

ఆ మాట బిళ్ళలక్కకి ముల్లులా గుచ్చుకుంది. తప్పు తన బిళ్ళలోనే ఉందని తీర్మానించుకుంది. ఫ్యాక్టరీలో దాచి ఉంచిన నమూనాలన్నీ తీయించింది. పరీక్ష గదిలో గాజు పాత్రలు వరసగా ఉంటాయి, వాటిలో ఒంటివేడికి కాచిన నీళ్ళు, మధ్యలో నెమ్మదిగా తిరిగే చిన్న తెడ్డు. పాత్రకో బిళ్ళ వేసి కుర్చీ లాక్కుని కూర్చుంది. పెద్దమ్మ చక్కగా ఉబ్బింది. మందు ఎంత రావాలో అంతే వచ్చింది, ఎప్పుడు రావాలో అప్పుడే వచ్చింది. ఇంకో విడత బిళ్ళలు వేసి చూసింది, అంతే. అల్లుడు గానీ ఎక్కువసేపు తిరిగాడా అని కలిపేవాళ్ళతో పోట్లాట పెట్టుకుంది. వాళ్ళు బిళ్ళలక్కకి ఏదో గాలి సోకిందనుకున్నారు.

“పరీక్షలో బంగారంలా పాసవుతోంది కదండీ, ఇంకేం కావాలి మీకు?” అన్నాడు పెద్దసారు. ఆ విభాగానికి ఆయనే అధికారి.

“పరీక్షలో పాసయి ఇంట్లో ఎందుకు తప్పుతోందో కావాలి సార్.”

ఆయన కాగితాలు సర్దుకుని లేచాడు. ఆవిడ మళ్ళీ పాత్రల దగ్గరికి వెళ్ళింది.

జలుబు చేసి, ఒళ్ళు వెచ్చబడి ఒకరోజు బిళ్ళలక్క పనికి వెళ్ళకుండా ఇంట్లో ఉండిపోయింది. మధ్యాహ్నం మంచినీళ్ళకని కిందికి దిగితే వంటగదిలోంచి టకటకమని చప్పుడు వినిపించింది. వదిన నేలమీద కూర్చుని చిన్న రాతికల్వంలో ఏదో నూరుతోంది. నూరి, వేళ్ళతో నలిపి చూసి, మళ్ళీ నూరుతోంది. పక్కన గిన్నెమీద బిగించి కట్టిన పల్చటి లైనింగు గుడ్డ ఉంది. నూరిన పొడిని ఆ గుడ్డలోంచి జల్లించి, గుడ్డమీద మిగిలిన పలుకుల్ని మళ్ళీ కల్వంలో వేస్తోంది. పక్కనే తేనె సీసా.

“ఏంటి వదినా అది?”

“నీ బిళ్ళే అమ్మాయీ. మీ అన్నయ్యకి గొంతు దిగట్లేదు. ఊరికే నూరినా పలుకు తగులుతోందంటున్నాడని జల్లెడ పడుతున్నా. చూడు, ముఖానికి రాసుకునే పౌడరుకన్నా మెత్తగా వచ్చింది.”

చెయ్యి చాపి చూపించింది కూడా. ఆ ముఖంలో పని బాగా చేశానన్న తృప్తి ఉంది.

బిళ్ళలక్క గుమ్మంలోంచి రెండడుగులు లోపలికి వేసింది. “ఎప్పట్నించి చేస్తున్నావు ఇది?”

“చాన్నాళ్ళే అయింది. నువ్వు అంత కష్టపడి చేసిన బిళ్ళని ఆయన ఉమ్మేస్తున్నాడంటే నువ్వు బాధపడతావని చెప్పలేదు.”

అప్పుడు బిళ్ళలక్క నోటివెంట వచ్చిన మాట రాకుండా ఉండాల్సింది. “నువ్వే ఆయన్ని ఇంతదాకా తెచ్చావు వదినా,” అంది. “నీ చేతుల్తో నువ్వే.”

 వదిన కల్వంలోని గుండ్రాయి పక్కన పెట్టింది, చేతులు కడుక్కుంది, పెరటి మెట్లమీద అటు తిరిగి కూర్చుంది. ఆవిడకి కోపం వస్తే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది. అరవలేదంటే అర్థం వేరే. బిళ్ళలక్క కాసేపు కల్వం వైపు చూస్తూ నిలబడింది. తన పరువు, తన ఏళ్ళ కష్టం తెల్లటి పొడిగా అందులో పడుంది. దాన్ని అంత మెత్తగా నూరిన చేతిలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. ఆ సంగతి తెలిసొచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెళ్ళి వదిన పక్కన మెట్టుమీద కూర్చుంది.

“తప్పయింది వదినా. నోరు జారాను.”

“జారింది నోరే అయితే పర్వాలేదు. నేనేం తప్పు చేశానో చెప్పు ముందు.”

బిళ్ళలక్క చెప్పింది. కొత్తగా చేరినవాళ్ళకి చెప్పే పాఠమే చెప్పింది. పెళ్ళికొడుకు, చుట్టాలు, గుమ్మంలో పెద్దమ్మ. బిళ్ళని పొడి చేస్తే పెద్దమ్మ కూర్చోవడానికి గుమ్మమే ఉండదు. రోజంతా కొంచెం కొంచెంగా రావాల్సిన మందు ఒక్కసారి మీదపడుతుంది, అందుకే ఆ మెలికలు. కాసేపటికి మొత్తం అయిపోతుంది, అందుకే ఆ బిగుసుకుపోవడం. ఎంత మెత్తగా నూరితే అంత చేటు.

వదిన అంతా విని నిట్టూర్చింది. “అయితే ఇన్నాళ్ళూ మీ పెద్దమ్మని కల్వంలో వేసి దంచానన్నమాట.”

ఇద్దరికీ ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కళ్ళు తుడుచుకున్నాక వదిన ఇంకోమాట అడిగింది. “మరి ఆ గొంతు మింగలేని బిళ్ళని ఎందుకు చేశావమ్మాయీ? మింగలేని జబ్బు అని నీకు తెలుసు కదా?”

నూరకూడదని డబ్బామీద చీమతలకాయంత అక్షరాలతో రాసే ఉంది. ఆ సంగతి బిళ్ళలక్క నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. నూరకపోతే ఎలా మింగాలో దానిమీద రాయలేదు. గాజు పాత్రకి గొంతు ఉండదు, వేసింది వేసినట్టు కిందికి దిగిపోతుంది. వణుకు జబ్బు ముదిరేకొద్దీ గొంతు కండరాలు కూడా మొరాయిస్తాయని ఆవిడకి తెలియక కాదు. ఆ తెలిసినదాన్ని అన్నయ్య గొంతుతో కలిపి ఏనాడూ ఆలోచించలేదు.

అన్నయ్య ఎప్పుడొచ్చాడో, తలుపు పట్టుకుని వెనకే నిలబడి ఉన్నాడు. “మీరిద్దరూ ఒకళ్ళనొకళ్ళు అనుకోకండి,” అన్నాడు మెల్లగా. “మింగుడు పడట్లేదని చెప్పుకోడానికి నాకే సిగ్గేసింది. చెల్లెలు చేసిన బిళ్ళ అన్నకే దిగట్లేదంటే నలుగురూ నవ్వరూ?”

మర్నాడు ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆయన తలపట్టుకుని, అడగకపోవడం నాదే పొరపాటన్నాడు. నిదానంగా కరిగే బిళ్ళ ఆపేసి, నీళ్ళలో కరిగే మామూలు మందుని కొద్దికొద్దిగా, రోజులో చాలాసార్లు ఇమ్మన్నాడు. మెలికలు తగ్గాయి. ఎగుడుదిగుళ్ళు మాత్రం పోలేదు. గంట బాగుంటే గంట బాగుండదు. కొట్టు తలుపు ఒక రెక్కే తెరిచి ఉండేది. అన్నయ్య బల్ల దగ్గర కూర్చుని, ఖాళీ గుడ్డముక్కమీద సుద్దతో గీతలు గీసి, చెరిపేసేవాడు. చేతులకి పని మరుపు రాకుండా అలా చేస్తున్నాడని వదిన చెప్పింది. ఎక్కువ కాలం ఇలాగే ఉంటే చేతుల కన్నా ముందు మనసు మరిచిపోతుందేమోనని కూడా అంది. బిళ్ళలక్క భయమూ అదే.

నూరాల్సిన పనిలేని మందు ఒకటి కావాలి. బిళ్ళని పగలగొడితే గుమ్మం పోతోంది కాబట్టి, ముందే పగలగొట్టి ఒక్కో ముక్కకీ ఒక్కో గుమ్మం కట్టాలి. అంటే ఆవాల్లాంటి చిన్నచిన్న మందుగింజలు చేసి, ప్రతి గింజకీ విడివిడిగా పూత పూయాలి. గింజల్ని ఒక డొల్ల గొట్టంలో, అంటే క్యాప్సూల్లో, నింపితే, మింగగలిగినవాళ్ళు గొట్టంతోనే మింగుతారు, లేనివాళ్ళు విప్పి మెత్తటి గుజ్జుమీద చల్లుకుని చెంచాతో తింటారు. ప్రపంచంలో లేని విద్యేం కాదు, ఈ మందుకి వాళ్ళ దగ్గర ఎవరూ చేయలేదంతే.

పెద్దసారు ఒప్పుకోలేదు. “చక్కగా నడుస్తున్న బిళ్ళ ఉండగా కొత్త తలనొప్పి ఎందుకండీ? జనం మింగుతున్నారు కదా.”

“మింగుతున్నారో లేదో ఇక్కడే అడుగుదాం సార్,” అంది బిళ్ళలక్క. సమావేశం గది నిండా మనుషులున్నారు. కలిపేవాళ్ళు, నొక్కేవాళ్ళు, పరీక్షించేవాళ్ళు, అందరూ బిళ్ళలమీద బతికేవాళ్ళే. “మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకి, పిల్లలకి బిళ్ళలు నూరి ఇచ్చేవాళ్ళెవరో నిజం చెప్పండి. ఇక్కడ ఎవర్నీ ఏమీ అనను.”

 వెనకనించి ఒక చెయ్యి లేచింది. దాన్ని చూసి ఇంకోటి. ఒకాయన గ్లాసు అడుగుతో నలుపుతానన్నాడు. ఒకావిడ రెండు చెంచాల మధ్య పెట్టి నొక్కుతానంది. పరీక్ష గదిలో పనిచేసే గడ్డమాయన తల దించుకుని, తలుపు సందులో పెట్టి నొక్కేస్తానండీ, భలే నలుగుతుంది అన్నాడు. గది గొల్లుమంది. నవ్వులన్నీ అయ్యాక చూస్తే పెద్దసారు చెయ్యి కూడా బల్లమీంచి కాస్త పైకి లేచి ఉంది.

“మా అత్తగారికి,” అన్నాడాయన. “మన బిళ్ళే. పాలలో కలిపి నేనే ఇస్తాను.”

పని మొదలయింది. మందుని, బాబాయిని కలిపి తడి ముద్ద చేసి, సన్నటి రంధ్రాల్లోంచి నొక్కితే సేమ్యాలాంటి తీగలు వస్తాయి. వాటిని గరుకు పళ్ళెంమీద వేసి గిరగిరా తిప్పితే తెగి, దొర్లి, గుండ్రటి గింజలవుతాయి. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ చేసేవాళ్ళకి తల ప్రాణం తోకకొస్తుంది. నీళ్ళు కాస్త ఎక్కువైతే గింజలన్నీ ఒకదానికొకటి అంటుకుని లడ్డూ అయిపోతాయి, కాస్త తక్కువైతే పొడి రాలుతుంది. ఎలాగో గింజ కుదిరింది. పూత దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. పూత పూసే యంత్రం నడిపేది ఒక పెద్దాయన, అందరూ పూతమామ అంటారు. మొదటి పూత గాజుపెంకులా పెళుసుగా వచ్చింది, గింజలు ఒకదానికొకటి తగిలితేనే బీటలు వారింది. దాన్ని కాస్త వంగేలా చేసే మెత్తటి పదార్థం కలిపారు. అప్పటికి బీటలు పోయాయి.

పరీక్షకి వేస్తే అద్భుతంగా వచ్చింది. గాజు పాత్రల్లో మందు గీత గీసినట్టు పొద్దుట్నించి సాయంత్రం దాకా వస్తూనే ఉంది. బిళ్ళలక్క ఆనందం పట్టలేక వదినకి అక్కణ్ణుంచే ఫోను చేసి, అయిపోయింది వదినా, ఇంక అన్నయ్యని ఓపిక పట్టమను అని చెప్పేసింది.

కొన్ని వారాలు పోయాక అవే గింజల్ని మళ్ళీ పరీక్షిస్తే మందు బయటికి రాలేదు. వచ్చింది గానీ, అన్నయ్యలాంటివాళ్ళు కుర్చీలోంచి లేవడానికి కూడా సరిపోనంత తక్కువ. అప్పటిదాకా చేసినదంతా బూడిదలో పోసినట్టయింది.

కారణం కోసం బిళ్ళలక్క ఎక్కడా వెతకలేదు, వెంటనే తెలిసిపోయింది. పూత పూశాక గింజల్ని వెచ్చటి గదిలో తగినంతసేపు ఉంచాలి. అప్పుడే పూతలోని చిన్నచిన్న బొట్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి ఒకే పొరగా కుదురుకుంటాయి. అలా ఉంచకపోతే అవి డబ్బాలో కూర్చుని తీరిగ్గా, వాటికి తోచినట్టు కలుస్తాయి. గుమ్మం రోజురోజుకీ మూసుకుపోతుంది. ఇది ఈ పనిలో మొదట చెప్పే పాఠం. వేరేవాళ్ళు ఈ తప్పు చేసి ఉంటే చెవులు మెలిపెట్టేది. అన్నయ్య సుద్దగీతలు కళ్ళముందు ఆడుతుంటే ఆగలేక, తనే గింజల్ని వెచ్చగదిలోంచి ముందే తీయించేసింది.

“నేను అడిగాను కదా తల్లీ, అప్పుడే తీసేయమంటావా అని,” అన్నాడు పూతమామ. దెప్పుతున్నట్టు కాదు, నీళ్ళ గ్లాసు చేతికిస్తూ అన్నాడు.

“అడిగావు మామా. తీయమన్నది నేనే.”

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి వదినకి చెప్పడం అన్నిటికన్నా కష్టమనిపించింది. ఆశపెట్టింది తనే. వదిన కూరగాయలు తరుగుతూ విన్నది, తరగడం ఆపలేదు.

“నేను మరీ మెత్తగా నూరి చెడగొట్టాను, నువ్వు మరీ తొందరపడి చెడగొట్టావు. ఇద్దరం ఆయన మీద ప్రేమతోనే చేశాం. ఇంక నుంచి కాస్త ప్రేమ తగ్గించుకుని పని చేద్దాం,” అంది. “అన్నం తిని పడుకో. రేపు మళ్ళీ మొదలుపెట్టు.”

మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి వెచ్చగది తలుపుకి తాళం వేయించి, తాళంచెవి పూతమామ దగ్గర ఉంచమంది. నేను కాళ్ళమీద పడినా ఇవ్వకు అని చెప్పింది. ఆయన నిజంగానే ఇవ్వలేదు, ఆవిడ నిజంగానే ఒకసారి అడిగింది. గింజలు కుదురుకున్నాయి. వారాలు పోయాక పరీక్షించినా అంతే, నెలలు పోయాక పరీక్షించినా అంతే. ఆ తరవాత ఆరోగ్యవంతులమీద, రోగులమీద పరీక్షలు, కాగితాలు, అనుమతులు. అవి జరగాల్సిన తీరులో జరిగాయి. వాటిని తొందరపెట్టే ఆలోచన ఈసారి బిళ్ళలక్కకి రాలేదు. ఒక ఋతువు పోయి ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. అన్నయ్య చేతికర్ర పట్టుకున్నాడు. కొట్టు తలుపు మాత్రం వదిన రోజూ ఒక రెక్క తెరిచే ఉంచేది.

చివరికి డాక్టరు చీటీమీద కొత్త మందు పేరు రాశాడు. దుకాణంలో కొన్న డబ్బా వదిన చేతికొచ్చింది. ఆవిడ గొట్టం విప్పి గింజల్ని అరచేతిలో పోసుకుని, వెలుతురుకి పెట్టి చూసింది.

“వీటిని నూరకూడదు. అంతేనా?”

“నమలకూడదు కూడా. నమిలితే నూరినట్టే.”

అక్కడ పడింది చిక్కు. అన్నయ్యకి నోట్లో ఏం పెట్టినా నమిలే అలవాటు. నీళ్ళని కూడా నమిలి తాగుతాడని వదిన వేళాకోళం చేసేది. అన్నంమీద చల్లితే నములుతాడు, పండు ముక్కమీద చల్లితే నములుతాడు. ఈ సమస్యకి ఫ్యాక్టరీలో ఎవరి దగ్గరా మందు లేదు. వదిన ఆపిల్ పండు ఉడికించి, తొక్క తీసి, అదే లైనింగు గుడ్డలోంచి వడకట్టి, పంటికి పని లేనంత జారుడు గుజ్జు చేసింది. చెంచాడు గుజ్జుమీద గింజలు చల్లి ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

“నోరు తెరువు. నాలుక కదిలిందా, ఊరుకోను. మింగు. ఇంకో చెంచా ఉత్త గుజ్జు, ఇదీ మింగు. నోరు తెరిచి చూపించు. నాలుక కింద చూపించు.”

“పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత దగ్గర్నుంచి చూడలేదు నువ్వు నన్ను,” అన్నాడు అన్నయ్య. చాలా కాలం తరవాత ఆయన వేసిన పరాచికం అది. వదిన చెంచా కడగడానికి వెళ్ళిపోయింది, కాస్త ఎక్కువసేపే కడిగింది.

మంత్రం వేసినట్టేం జరగలేదు. చేతికర్ర పోలేదు. వణుకు పూర్తిగా పోలేదు. డాక్టరు మోతాదు సరిచూస్తూ వచ్చాడు. మొదట్లో ఒకటి రెండు చెడ్డ రోజులూ వచ్చాయి. మెల్లమెల్లగా పొద్దున్న ఎలా ఉంటే మధ్యాహ్నమూ దాదాపు అలాగే ఉండడం మొదలయింది. నిన్నటిలాగే ఇవాళ, ఇవాళ్టిలాగే రేపు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఇదేం పెద్ద విశేషంలా కనపడదు. అన్నయ్య రోజూ అదే వేళకి బల్ల దగ్గర కూర్చుని, పాత గుడ్డ కత్తిరించి, వంకరొస్తే చూసి, ఇంకో ముక్క తీసుకునేవాడు. తనమీద తను విసుక్కోవడం మానేసి, కత్తెరమీద విసుక్కోవడం మొదలుపెట్టాడు. అది మంచి గుర్తని వదిన అంది.

సెలవురోజు మధ్యాహ్నం బిళ్ళలక్క కొట్టులోనే ఓ మూల కూర్చుని గుండీలు ఏరుతోంది. ఒక పెద్దమనిషి సంచిలో గుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఈ టైలరు పని మానేశాడని ఎవరో చెప్పారట, తలుపు తెరిచి ఉందని అడుగుదామని వచ్చాడట. వదిన వంటగది గుమ్మంలోకి వచ్చి, పక్కవీధి టైలరు పేరు చెప్పబోయింది. అన్నయ్య చెయ్యెత్తి ఆపాడు. గుడ్డ అందుకుని, అంచు మడిచి, వేళ్ళతో నలిపి చూశాడు. టేపు మెళ్ళో వేసుకుని మనిషి చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. ఛాతీ, భుజం, చెయ్యి. చెయ్యి వణికింది, టేపు ఒకసారి జారింది, మళ్ళీ పట్టుకుని కొలిచాడు.

“ఎప్పటికిస్తారండీ?” అన్నాడా పెద్దమనిషి.

 అన్నయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. తరవాత గోడమీద కాలెండరు వైపు చూశాడు.

“గురువారం సాయంత్రం రండి,” అన్నాడు. “ఇచ్చేస్తాను.”

గుండీల డబ్బా బిళ్ళలక్క ఒళ్ళోంచి జారిపోయింది. వాటిని ఏరుకునే నెపంతో బల్ల కిందికి దూరి, అక్కడే కూర్చుని ఏడ్చింది. వదిన వచ్చి పక్కన కూలబడి గుండీలు ఏరడం మొదలుపెట్టింది, ఆవిడ ఏరినవీ ఎక్కువేం లేవు.

గురువారం సాయంత్రానికి చొక్కా కాలరు దాకా వచ్చింది. పెద్దమనిషి వచ్చి ఖాళీ చేతుల్తో తిరిగి వెళ్ళాడు. శనివారం ఇచ్చాడు అన్నయ్య. ఆలస్యానికి కారణం ఏమని చెప్పావని బిళ్ళలక్క అడిగితే, దారం రంగు దొరకలేదని చెప్పానన్నాడు. నిజానికి ఆ రంగు దారం సొరుగు నిండా ఉంది. గురువారం మధ్యాహ్నం చేతులు బాగానే ఉన్నాయట, ఎదురింటాయనతో కబుర్లలో పడి పొద్దు తెలియలేదట.